ఖాడీ తేటపడ్డ వేసవి

ఆ వేసవిలో నా దగ్గు ఆగిపోయింది. ముందుగా గమనించింది నేను కాదు, మా ఆయన. పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ గ్లాసు కింద పెట్టి, నా ముఖంలోకి పరీక్షగా చూసి, "ఏందే, నువ్వు దగ్గుతలేవు?" అని అడిగాడు. కొత్తగా ఏదో జబ్బు చేసిందేమో అన్నట్టు అడిగాడు. నేనూ ఆలోచించాను. రాత్రి నిద్రలో లేచి కూర్చోలేదు. అంతకుముందు రాత్రి కూడా లేవలేదు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చి చూశాను. లోపల ఎప్పుడూ వినిపించే పిల్లికూతలు లేవు. గాలి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. అంతే. అంత సులువైన పనిని నేను ఎన్నేళ్లుగా చెయ్యలేకపోయానో అప్పుడు తెలిసింది.

ఊపిరి జబ్బు దేశమంతా పాకి, లాక్‌డౌన్‌తో సూరత్‌లో మిల్లులన్నీ ఆగిపోయిన రోజులవి. మేముండేది డిండోలిలో, ఒకదానికొకటి ఆనుకుని కట్టిన గదుల వరుసలో. మా నాన్న ఉత్తర తెలంగాణ నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి ఈ ఊరికి వచ్చాడు. నేను ఇక్కడి మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువుకున్నాను, ఇక్కడే పెళ్లి చేసుకున్నాను. మా ఆయనది రంగుల మిల్లులో జెట్ మిషన్ మీద పని. జెట్ అంటే గుడ్డను మరిగే రంగునీళ్లలో గంటలకొద్దీ తిప్పే పెద్ద ఇనుప పీపా. నేను ఇంట్లో కూర్చుని చీరల మీద చమ్కీలు, అద్దపు రాళ్లు అతికించేదాన్ని. సలాబత్‌పురా దుకాణాల నుంచి మూటలు వచ్చేవి, పని అయిపోగానే మళ్లీ అక్కడికే పోయేవి.

మా గదుల వెనక ఖాడీ ఉంది. ఇక్కడి భాషలో ఖాడీ అంటే వాగు. దాని అవతల కొంత దూరంలో మిల్లుల పొగగొట్టాలు. మిల్లులో ఏ రంగు నడుస్తున్నదో మా ఆయన చెప్పకముందే ఖాడీ చెప్పేది. పెళ్లిళ్ల కాలంలో ఎర్రగా, పండుగల ముందు రాణీ గులాబీగా పారేది. మా అమ్మాయి చిన్నప్పుడు బడిలో నది బొమ్మ గీయమంటే గులాబీ రంగు వేసి వచ్చింది. పంతులమ్మ కొట్టేసి పక్కన నీలం రంగు దిద్దితే, ఇంటికొచ్చి నాతో పోట్లాడింది. నది నీలంగా ఉండడం ఎక్కడ చూశావని నన్నే అడిగింది.

దగ్గు నాకు ఆ పిల్ల పుట్టిన కొన్నేళ్లకు మొదలైంది. బొగ్గు పొగ ఒకటి, నేను రోజంతా పీల్చే జిగురు వాసన ఒకటి, రెండూ కలిశాయని డాక్టరు అన్నాడు. గాలి మంచిగా ఉండే చోటికి మారమన్నాడు. ఆ మాట విని నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరం చూసుకుని, మందుల చీటీ తీసుకుని వచ్చేశాం. దీపావళికి మిల్లులు కొన్నాళ్లు మూసినప్పుడు కొంచెం తెరిపినిచ్చేది. అంతలోనే టపాకాయల పొగ, ఆ వెంటనే పెళ్లిళ్ల చీరల మూటలు. అందుకే ఆ వేసవిలో దగ్గు పూర్తిగా ఆగిపోయేసరికి, నాకు నా ఒళ్లే కొత్తగా అనిపించింది.

ఆ రోజుల్లో పొద్దున్నే డాబా మీదికి పోవడం అలవాటైంది. దండెం మీద ఆరేసిన తెల్లబట్టల మీద మసి నలకలు పడడం ఆగిపోయింది. పెరుగు గిన్నె మీద మూత మరిచిపోయినా ఏమీ కాలేదు. ఖాడీ మొదట మురికి గోధుమ రంగుకు తిరిగింది, తర్వాత పలచబడింది, ఆ తర్వాత ఒక పొద్దున అడుగున ఉన్న రాళ్లు కనిపించాయి. తెల్లకొంగలు వచ్చి వాలాయి. సాంచాల చప్పుడు లేక వీధంతా ఎంత నెమ్మదిగా ఉందంటే, ఎక్కడో పసిపిల్ల ఏడిస్తే ఏ ఇంట్లోనో చెప్పగలిగేవాళ్లం. నేను గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటూ కూర్చునేదాన్ని. వేరే పని ఏమీ లేదు. నిజం చెప్పాలంటే, నా జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ లేను.

ఆ సుఖం గురించి పక్క గదిలో ఉండే ఆవిడతో అన్నాను. ఆమె నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. వాళ్లాయన సాంచాలు నడిపే కారీగర్. ఇద్దరు చిన్న పిల్లలు. పని ఆగిన దగ్గర్నుంచి వాళ్లు, మేము, వీధిలో సగం మంది, గుడి దగ్గర పంచే ఖిచిడీ కోసం వరుసలో నిలబడుతున్నాం. ఆ రోజు ఆమె చిన్న కొడుకు ఖిచిడీ ముద్దను ఉమ్మేసి, అన్నం పెట్టమని ఏడ్చాడు. వాణ్ని సముదాయించి డాబా మీదికి వచ్చి నా పక్కన కూర్చుంది. ఏదో మాట కలపాలని, గాలి ఎంత మంచిగా ఉందో చూడమన్నాను.

ఆమె అవతల పొగగొట్టాల వైపు చూసింది. "నీకు మంచిగనే ఉన్నది అక్కా," అంది. "మా ఇంట్ల పొయ్యి మీద గూడ పొగ లేదు."

కోపంతో అనలేదు. ఉన్నమాట అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఆమె విడిపించుకోలేదు. కొన్ని రోజులకు వాళ్లకు ఊరికి పోయే రైలులో చోటు దొరికింది. గిన్నెలు చీరలో మూటగట్టుకుని, పిల్లలను ముందు నడిపిస్తూ వాళ్లు వెళ్లిపోయారు. మేము పోలేదు. ఊళ్లో మా అత్తమామలు ఎప్పుడో పోయారు, ఉన్న ఒక్క ఇంట్లో మా బావగారి సంసారమే ఇరుకుగా ఉంది. ఆమె పోయాక కూడా నేను డాబా మీదికి పోయాను, కానీ ఆ మాట నాతో పాటు మెట్లెక్కేది. నా రొమ్ములోకి పోతున్న ఆ చల్లటి గాలి, ఆరిపోయిన పొయ్యిల మీది నుంచి వస్తున్నదని తెలిశాక, దాన్ని కావాలని కోరుకోవడానికి సిగ్గేసింది. కోరుకోకుండా ఉండడమూ చేతకాలేదు.

మా అమ్మాయి అప్పుడు కాలేజీలో చదువుతున్నది. ఫోనులో పాఠాలు వినేది. సూరత్‌లో పెరిగిన పిల్ల కదా, తెలుగులో మొదలుపెట్టి హిందీలో నడిపి గుజరాతీలో ముగిస్తుంది. ఒక సాయంత్రం ముగ్గురం డాబా మీద ఉండగా, "మమ్మీ, బస్, హమేషా గిట్లనే ఉండాలె," అంది. మిల్లులు లేకుండా ఊరు ఉండగలదని ఇప్పుడు కళ్లతో చూశాం కదా అని దాని వాదన. బొగ్గు బదులు ఎండతో బాయిలర్లు నడపొచ్చు, నీళ్లు శుభ్రం చేసి మళ్లీ వాడొచ్చు, మనుషులు కొనే బట్టలు తగ్గించుకోవచ్చు అని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. వింటుంటే నాకు అన్నీ నిజమే అనిపించాయి.

మా ఆయన చాలాసేపు విన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చివరికి, "మీ అమ్మ అతికిచ్చిన చీర ఎన్నిసార్లు కడ్తరు బిడ్డా?" అని అడిగాడు. "రెండు ఉతుకులకు రాళ్లూడుతయి. ఊడితెనే ఇంకోటి కొంటరు. కొంటెనే మీ అమ్మకు మూటొస్తది, నాకు పని. ఆ చీర పదేండ్లు ఆగితే మనమేం తినాలె?"

"అయితే గట్లనే ఉండనిద్దమా పప్పా?"

ఆయన ఖాడీ వైపు తిరిగాడు. మిల్లులో నీళ్లు శుభ్రం చేసే ప్లాంటు ఒకటి ఉందనీ, అది నడుస్తుందనీ, కానీ పని ఒత్తిడి ఎక్కువైన రోజు అది ఎంత నడుస్తుందో అడగొద్దనీ మాత్రం అన్నాడు. ఆ తర్వాత ముగ్గురం కొంగలు లేచిపోయేదాకా కూర్చున్నాం.

వానలు మొదలవుతుండగా మిల్లు తెరుస్తున్నారని కబురు వచ్చింది. మా ఆయన గడ్డం గీసుకుని, అంగీకి ఇస్త్రీ చేసుకున్నాడు. పెళ్లికి పోయే వాడిలా తయారయ్యాడు. వీధిలో మగవాళ్లు ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. నేను ఇంట్లో ఉన్న కాస్త సేమ్యాతో పాయసం కాచాను. గరిటె తిప్పుతూ కిటికీలోంచి చూస్తుంటే అవతల ఒక గొట్టం నుంచి సన్నటి పొగ లేచింది. సంతోషపడ్డాను. అబద్ధం కాదు, నిజంగానే సంతోషపడ్డాను. అదే సమయంలో ఎవరో దగ్గరి మనిషి చెప్పకుండా రైలెక్కి వెళ్లిపోయినట్టు కూడా అనిపించింది.

ఖాడీలోకి మొదట వచ్చింది లేత పిస్తా రంగు. తర్వాత మిగతావి వచ్చాయి. దండెం మీద నలకలు పడ్డాయి. సలాబత్‌పురా నుంచి మూటలు కూడా మొదలయ్యాయి. నేను జిగురు డబ్బా తెరిచాను. దగ్గు కొన్నాళ్లు ఓపిక పట్టి తిరిగి వచ్చింది. మొదట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఆపేదాన్ని. పనికి పోతున్న మనిషి మనసు పాడు చెయ్యొద్దని నా ఆలోచన. కానీ ఒక్క గదిలో ఏం దాగుతుంది? ఒక పొద్దున నేను కొంగు తీసేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.  ఆ సాయంత్రం నుంచి మిల్లు బట్టలు బయటే విప్పి, వరండాలో కుళాయి కింద స్నానం చేసి, ఆ తర్వాతే లోపలికి రావడం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు జబ్బు రెండోసారి ఊరి మీద పడింది. ఈసారి అది మా గది తలుపు తట్టింది. మా ఆయనకు ముందు జ్వరం వచ్చింది, తర్వాత ఊపిరి అందడం కష్టమైంది. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. వీధి చివర డాక్టరు వచ్చి చూసి, ఇంకా దిగజారితే ఎలాగోలా తీసుకుపోదామని, అప్పటిదాకా బోర్లా పడుకోబెట్టమని చెప్పి, వేలికి పెట్టి చూసే చిన్న మిషన్ ఇచ్చి పోయాడు. ఆయన భయపడిపోయాడు. గాలి కోసం నోరు తెరిచి, ఉన్న కాస్త బలాన్నీ పీల్చడానికే ఖర్చు పెడుతున్నాడు. ఎంత తొందరపడితే అంత తక్కువ అందుతున్నది.

ఆ అవస్థ నాకు తెలుసు. ఆ గదిలో కొంచెం గాలితో బతకడం తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. మూతికి గుడ్డ కట్టుకుని, మంచం పక్కన కింద కూర్చుని, ఆయన వీపు మీద చెయ్యి వేశాను.

"తొందరపడకు," అన్నాను. "పీల్చుడు గురించి ఆలోచన చెయ్యకు. ఇడుసుడు చూడు. పెదవులు దగ్గరకు పెట్టి, వేడి చాయ్ ఊదినట్టు మెల్లగ ఇడువు. లోపలికి అదే వస్తది."

నేను చేసి చూపించాను. ఆయన చేశాడు. తప్పింది, మళ్లీ చేశాడు. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కలిసి ఊపిరి వదిలాం. నా దగ్గు వచ్చినప్పుడు ఆయన ఆగేవాడు, అది పోయాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. కిటికీలో ఎండ తగ్గే వేళకు ఆయన భుజాలు ఎగిరెగిరి పడడం నెమ్మదించింది. తల పక్కకు తిప్పి నా వైపు చాలాసేపు చూశాడు.

"నువ్వు ఇన్నేండ్లు గిట్లనే ఉన్నవా?" అన్నాడు.

నేను తల ఊపాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. కంటి చివర నుంచి నీళ్లు దిండు మీదికి జారాయి. నేను తుడవలేదు.

ఆయన బతికాడు, కానీ చాలా నీరసపడ్డాడు. బావగారు ఫోను చేసి ఊరికి రమ్మని పట్టుబట్టారు. ఇరుకైనా సర్దుకుందామన్నారు. పోయాం. అక్కడికి పోయిన కొద్ది రోజుల్లోనే నా దగ్గు మళ్లీ ఆగిపోయింది. అయితే ఉండిపోదామా అని నా మనసు లాగింది. మా యారాలు, అంటే బావగారి భార్య, మంచి మనిషి. ఉండమనే అంది. కానీ ఊరు కూడా నేను మనసులో దాచుకున్న ఊరు కాదు. వాగులో ఇసుక ఎత్తుకుపోయి గుంతలు మిగిలాయి. పత్తి చేలల్లో మందు కొట్టిన రోజు కిటికీలు మూసుకుని కూర్చోవాలి. బోర్లు ఎంత లోతుకు పోయినా నీళ్లు సరిపోవడం లేదు.

ఒక రోజు యారాలు బీరువా తెరిచింది. చీరలు మడత మీద మడత, తలుపు తీయగానే కొన్ని జారి నా కాళ్ల మీద పడ్డాయి. అన్నీ సూరత్‌వే. కొన్నిటికి రాళ్లూడిపోయి జిగురు మచ్చలు మిగిలాయి. కొన్నిటికి ఇంకా కాగితం కూడా తియ్యలేదు. తక్కువకు వస్తున్నాయని కొన్నానంటూ, వచ్చేటప్పుడు ఒక పిస్తా రంగుది తేవచ్చు కదా అని ముద్దుగా నిష్ఠూరమాడింది. నేను నవ్వి, తెస్తానన్నాను. ఆమెను ఏమనగలను? ఆమె కొన్నందుకే కదా మా అమ్మాయి కాలేజీకి పోయింది. గాలి బాగుండే చోటంటూ ఒకటి విడిగా ఉందని, అక్కడికి చేరితే చాలని నేను అనుకుంటూ వచ్చాను. ఆ చీరలను మళ్లీ మడతపెడుతుంటే, ఈ రెండు ఊళ్లూ ఒకే గుడ్డకు రెండు కొసలని అర్థమైంది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్న మా ఆయన్ని, ఇక్కడే ఉండిపోదామా అని అడిగాను. నేను అడిగితే ఒప్పుకుంటాడని తెలుసు. అందుకే అడగడానికి అన్ని రోజులు పట్టింది.

"ఉందమంటే ఉందం," అన్నాడు. తన అరచేతులు చూసుకుంటూ, "ఈడ నేనేం చెయ్యాలె?" అన్నాడు.

అక్కడ ఆయన చేతులకు పని లేదు. పది మందిలో కూర్చున్నా ఆ చేతులు ఏదో తిప్పుతున్నట్టు కదులుతూనే ఉండేవి. అమ్మాయి చదువు కూడా మధ్యలో ఉంది. మేము సూరత్ తిరిగి వచ్చేశాం. రైలు సూరత్‌కు ముందు వచ్చే ఉధనా స్టేషను దగ్గర నెమ్మదించినప్పుడు, కిటికీలోంచి ఆ వాసన వచ్చి నా రొమ్మును తాకింది. నేను ఊపిరి బిగపట్టలేదు. ఇంటికి వచ్చాం అనుకున్నాను.

పనిలో తిరిగి చేరిన మొదటి వారంలోనే మా ఆయన మిల్లులో పనులు అప్పజెప్పే మాస్టరును కలిసి, తనను జెట్ మీద వద్దు, నీళ్ల ప్లాంటులో వేయమని అడిగాడు. ఆ పనికి ఎవరూ అడిగి పోరు. బురద, కంపు, పైగా ఓవర్‌టైము ఉండదు. జబ్బుతో మనిషికి మతి చెడిందని తోటివాళ్లు నవ్వుకున్నారట.   నేను జిగురు పని మానేసి, గదులవాళ్ల చీరలకు ఫాల్ కుట్టడం, చిరుగులు రఫూ చెయ్యడం మొదలుపెట్టాను. రాబడి తగ్గింది. అమ్మాయి ట్యూషన్లు చెప్పి కొంత సర్దింది.

ఏడాది తిరిగాక ఒక సెలవు రోజు మా ఆయన కాపలా మనిషిని అడిగి, నన్ను లోపలికి తీసుకుపోయి ప్లాంటు చూపించాడు. పెద్ద పెద్ద తొట్లు. మొదటి తొట్టిలో నల్లటి ముదురు నీళ్లు, వాటి మీద నురగ. ఒక తొట్టిలో కింది నుంచి బుడగలు లేస్తున్నాయి, ఇంకో దాంట్లో మడ్డి అడుగుకు దిగుతున్నది. చివరి తొట్టి దగ్గర ఆయన ఒక గాజు జాడీ ముంచి తీసి, వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నాడు. నీళ్లు పలచటి చాయ్ రంగులో ఉన్నాయి. వాటిలో నుంచి ఆయన వేళ్లు కనిపించాయి, మసకగా.

వీటిలో కొన్ని మళ్లీ జెట్‌లకే పోతున్నాయని, ఖాడీకి పోయేవి తగ్గాయని చెప్పాడు. పని ఎక్కువైన రోజున కూడా ప్లాంటు ఆపనివ్వకుండా మాస్టరుతో గొడవపడుతున్నాడట. అన్నిసార్లూ ఆయన మాట సాగదు. బాయిలరు మాత్రం బొగ్గుదే. మారుస్తామంటున్నారు, ఎప్పుడో తెలియదు.

నేను ఆ జాడీ వంక చూస్తూ నిలబడ్డాను. అడుగున రాళ్లు కనిపించిన ఆ ఖాడీ, కొంగలు, నా రొమ్ములో చప్పుడు లేని ఆ పొద్దులు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాటి మీద బెంగ ఎంత ఉందో నాకు అప్పటిదాకా తెలియదు.

"గా రోజులు మల్ల వస్తయంటవా?" అని అడిగాను.

ఆయన జాడీని కిందికి దించాడు. "గట్ల రావద్దు," అన్నాడు. "అప్పుడు మిల్లు బందై నీళ్లు తేటగైనయి. మిల్లు నడుస్తుండంగనే తేటగ రావాలె. అందరి పొయ్యిలు మండాలె, నువ్వు దగ్గొద్దు. గట్ల వస్తెనే వచ్చినట్టు."

"వస్తదా?"

"ఎర్కలేదు," అన్నాడు. "నిరుడు గీ నీళ్లల్ల నా చెయ్యి కనవడకపోతుండె."

జాడీలోని నీళ్లను మెల్లగా తొట్టిలో వంచి, కడిగి బోర్లించాడు. మేము గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాం. సెలవు రోజు కాబట్టి గొట్టాల్లో పొగ పలచగా ఉంది. అయినా సగం దారిలో దగ్గు వచ్చి నేను ఆగాల్సివచ్చింది. ఆయన నా చేతిలో సంచీ తీసుకుని, ఎండ నా మీద పడకుండా అటువైపు నిలబడ్డాడు. పెదవులు దగ్గర పెట్టి మెల్లగా ఊపిరి వదిలాను. నాకు తోడుగా ఆయనా వదిలాడు. దగ్గు తగ్గాక కూరగాయల బండ్ల వైపు నడిచాం.